సరుకును బట్టే ఓడ ఆయువు

ఒకే కొలతల్లో కట్టిన రెండు సరుకు ఓడలు సముద్రంలో పోతున్నాయనుకుందాం. ఒకదాంట్లో మాంగనీసు ఖనిజం, రెండోదాంట్లో కలప దుంగలు. మోసే బరువు రెండింటికీ ఒక్కటే, నీళ్ళలో దిగిన లోతూ ఒక్కటే. సరిగ్గా ఒకే చోట రెండింటికీ టార్పెడో తగిలింది. ఏది ముందు మునుగుతుంది?

కలప ఓడ గంటల తరబడి తేలుతూ ఉంటుంది. ఒక్కోసారి మునగనే మునగదు. ఖనిజం ఓడలో ఉన్నవాళ్ళకు మాత్రం పడవ దించుకునే వ్యవధి కూడా దొరకదు. బరువులో తేడా లేనప్పుడు ప్రాణాల దగ్గర ఇంత తేడా ఎందుకొచ్చింది?

రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడల బతుకు చాలా మటుకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఏ దేశానికి ఎన్ని ఫిరంగులు, ఎన్ని విమానాలు అన్న లెక్కలు చరిత్ర పుస్తకాల్లో బోలెడు. ఓడ కడుపులో ఏముంది, దాన్ని ఎలా సర్దారు అన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. కోనసీమవాళ్ళకు ఇదేమీ దూరపు ముచ్చట కూడా కాదు. ఆ ఓడల్లో చాలా వాటి దారి మన ఒడ్డు ముందు నుంచే పోయింది.

1942 ఏప్రిల్ 6

అంతకు నెల ముందు, మార్చి 8న, రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. తర్వాత వంతు కలకత్తాదే అనుకున్నారు. హుగ్లీ రేవులో కిక్కిరిసి ఉన్న ఓడలను అక్కడే ఉంచితే బాంబులకు బలి అవుతాయని ఖాళీ చేయించి, చిన్న చిన్న గుంపులుగా తూర్పు తీరం వెంట దక్షిణానికి పంపించారు. వాటికి తోడుగా యుద్ధనౌకలు లేవు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వైస్ అడ్మిరల్ ఒజావా జిసబురో నాయకత్వాన ర్యూజో అనే విమానవాహక నౌక, ఆరు క్రూయిజర్లు, కొన్ని డిస్ట్రాయర్లు బంగాళాఖాతంలోకి వచ్చాయి. వచ్చాక మూడు జట్లుగా విడిపోయి వేట మొదలుపెట్టాయి. ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లో ఈ దళం ముంచిన వాణిజ్య ఓడలు 23, మొత్తం దాదాపు 1,12,000 టన్నులు. అందులో బ్రిటిష్ ఓడ గ్యాంజెస్ ఉంది. అమెరికా ఓడలు బియెన్‌విల్, సెల్మా సిటీ ఉన్నాయి. నార్వే ఓడ డాగ్‌ఫ్రెడ్, డచ్చి ఓడలు బటావియా, బన్యువంగి కూడా ఉన్నాయి. సొంత నౌకాదళం వెంట లేని సరుకు ఓడకు క్రూయిజర్ ఎదురైతే చేయగలిగింది ఏమీ లేదు.

అదే రోజు విశాఖ దగ్గర ఆంగ్లో కెనడియన్ అనే బ్రిటిష్ సరుకు ఓడకు విమానం నుంచి బాంబు తగిలింది. అది 1928లో కట్టిన ఓడ, 5,268 టన్నులది. దెబ్బతింది గానీ మునగలేదు. దాని సంగతి మళ్ళీ చెబుతాను. ముందు ఖనిజం, కలప లెక్క తేల్చుకోవాలి.

గదిలో ఎంత చోటు మిగిలింది?

ఇనుప ఓడ తేలడానికి ఇనుముతో పని లేదు, ఇనుము చుట్టుముట్టిన ఖాళీతో పని. ఓడ ఎంత నీటిని పక్కకు తోస్తే అంత నీటి బరువు దాన్ని పైకి ఎత్తుతుంది. ఘనపు మీటరు సముద్రపు నీరు సుమారు 1.025 టన్నులు తూగుతుంది. ఓడ బరువూ సరుకు బరువూ కలిపి ఆ ఎత్తుడుకు సమానమైన చోట ఓడ నిలబడుతుంది.

యుద్ధకాలంలో అమెరికా కట్టిన లిబర్టీ ఓడనే తీసుకుందాం. పొడవు 441 అడుగులు, వెడల్పు 57 అడుగులు. ఖాళీగా ఉంటే ఆ ఓడ తూగేది సుమారు 3,400 టన్నులు. మోసేది మాత్రం 10,800 టన్నులు, అంటే తన బరువుకు మూడు రెట్లు. సుమారు ఇరవై టన్నులు ఎక్కిస్తే ఓడ ఒక్క సెంటీమీటరు కిందికి దిగుతుంది. సరుకు వేసుకునే గదులు ఐదు. ఓడవాళ్ళు వాటిని హోల్డ్‌లు అంటారు. ఐదూ కలిపితే సుమారు 14,000 ఘనపు మీటర్ల చోటు.

ఇందులో మాంగనీసు ఖనిజం నింపాలనుకోండి. 1933లో విశాఖ రేవు తెరిచాక మధ్య పరగణాల నుంచి రైలు మీద దిగి, అక్కడ ఓడలెక్కిన ముఖ్యమైన ఎగుమతి సరుకు అదే. ఆ రాయి ఎంత బరువంటే, గదుల్లో మూడో వంతు నిండేసరికే ఓడ దిగవలసినంతా దిగిపోతుంది. పైనుంచి తొంగి చూస్తే ప్రతి గది అడుగునా ఓ మోస్తరు గుట్ట కనిపిస్తుంది, మిగతాదంతా గాలి. ఓడను తేలుస్తున్నది ఆ గాలే. పక్కన రంధ్రం పడితే నీళ్ళు చేరేది కూడా సరిగ్గా అక్కడికే.

కలపైతే గది పైకప్పు దాకా నిండుతుంది. రంధ్రం పడినా దుంగల సందుల్లోకే నీళ్ళు వెళతాయి. పైగా ఆ దుంగలు నీటికన్నా తేలిక కాబట్టి, గది మొత్తం తడిసినా అవి ఓడను పైకి నెడుతూనే ఉంటాయి.

ఓడలు గీసే ఇంజనీర్లు దీన్ని అంకెల్లో పెట్టుకున్నారు. రంధ్రం పడిన గదిలో నూటికి ఎన్ని పాళ్ళ చోటును నీళ్ళు ఆక్రమిస్తాయి అన్నది వాళ్ళ ప్రశ్న. ఖాళీ గదికి 95, ఇంజను గదికి 85, మామూలు సరుకో బొగ్గో నింపిన గదికి 60 అని వేసుకుంటారు. అంటే సరుకు నింపిన గది ఖాళీ గదికన్నా తక్కువ నీళ్ళు తాగుతుంది. నిండు ఓడకే ముప్పెక్కువ అనుకునేవాళ్ళకు ఈ అంకె కాస్త వింతగానే ఉంటుంది.

నీళ్ళు వచ్చే వేగం కూడా చూడండి. నీటిమట్టానికి ఐదు మీటర్ల లోతున ఒక చదరపు మీటరు రంధ్రం పడితే సెకనుకు దాదాపు ఆరు టన్నుల నీళ్ళు లోపలికి దూసుకొస్తాయి. టార్పెడో చేసే రంధ్రం అంతకు ఎన్నో రెట్లు పెద్దది. ఖనిజం ఓడలో ఒక పెద్ద గది నిండడానికి నిమిషం చాలు. గదికీ గదికీ మధ్య నీరు పోని అడ్డుగోడలు ఉంటాయి నిజమే. కానీ ఒక గదిలో చేరిన రెండు మూడు వేల టన్నుల నీటితో ఓడ ముక్కు దిగబడితే పై అంతస్తు మీద నుంచే అలలు పక్క గదుల్లోకి దొర్లుతాయి. పాత సరుకు ఓడల్లో పక్కపక్కన రెండు గదులు పోయాక తేలినవి అరుదు.

ఖనిజంతో ఇంకో తంటా కూడా ఉంది. బరువంతా అడుగునే ఉండడంతో ఓడ పక్కకు ఒరగగానే విదిలించినట్టు వెనక్కి లేస్తుంది. ఆ కుదుపులకు మనుషులు పడిపోతారు, ఓడ కీళ్ళు వదులవుతాయి. అందుకే అనుభవమున్న సరంగులు ఖనిజంలో కొంత భాగాన్ని పై అంతస్తులో వేయిస్తారు. కలప ఓడకు దీనికి పూర్తిగా ఎదురు జబ్బు. డెక్కు మీద కూడా దుంగలు పేరిస్తే బరువు పైకెక్కి, ఒరిగిన ఓడ తీరిగ్గా లేస్తుంది. మరీ ఎక్కువైతే లేవదు.

[పెట్టెలో] ఓడ పక్కన ఆ గీతలేమిటి?

సరుకు ఓడ పక్క గోడ మీద ఒక వృత్తం, దాని మధ్యగా అడ్డగీత, పక్కన నిచ్చెన మెట్ల లాంటి చిన్న గీతలు కనిపిస్తాయి. అత్యాశతో సరుకెక్కించి ఓడలను ముంచుతున్న యజమానులకు ముకుతాడు వేయడానికి శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు పోరాడగా, 1876 చట్టంతో వచ్చిన గీత ఇది. నీళ్ళు ఆ గీతను దాటకూడదు. ఉష్ణమండలానికి ఒక గీత, శీతాకాలానికి ఇంకొకటి, మంచినీటికి వేరొకటి. మంచినీరు సముద్రపు నీటికన్నా తేలిక కాబట్టి అందులో ఓడ ఎక్కువ దిగుతుంది. నిండు లిబర్టీ ఓడకైతే ఆ తేడా సుమారు 18 సెంటీమీటర్లు, జానెడుకు కొంచెం తక్కువ.

ఆ ఓడ నిండుగా ఉంటే నీళ్ళలో ఎనిమిదిన్నర మీటర్లు దిగి ఉంటుంది. గోదావరి ఒండ్రు పోసిన కోనసీమ ఒడ్డున అంత లోతు కావాలంటే సముద్రంలోకి బాగా వెళ్ళాలి. కాకినాడలో పెద్ద ఓడలు దూరాన లంగరు వేయడం, బార్జీలు మధ్యలో తిరిగి సరుకు దించడం ఈ ఒండ్రు వల్లే. ఎస్. యానాం దగ్గర రవ్వ క్షేత్రపు ముడిచమురును ట్యాంకర్లు ఒడ్డుకు రాకుండా సముద్రంలో తేలే బోయా దగ్గరే నింపుకుపోవడానికీ కారణం అదే.

ఇక ఓడ టన్నుల గురించి. యుద్ధ నష్టాల పట్టికల్లో వేసే టన్ను బరువు లెక్క కాదు, చోటు లెక్క. నూరు ఘనపు అడుగులు ఒక టన్ను. ఆంగ్లో కెనడియన్ 5,268 టన్నులంటే దాని లోపలి చోటు ఐదు లక్షల ఘనపు అడుగులకు పైమాట.

పైనుంచి నిప్పు, కింద నుంచి నీళ్ళు

ఇప్పుడు ఆంగ్లో కెనడియన్ దగ్గరికి వద్దాం. దాని కథ నాలుగు వాక్యాల్లో అయిపోతుంది గానీ, దెబ్బకూ దెబ్బకూ మధ్య తేడా చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచలేదు. ఏప్రిల్ 6న బాంబు తిన్న ఆ ఓడ బతికింది, మళ్ళీ ప్రయాణం కట్టింది. ఆఫ్రికా దక్షిణపు కొన చుట్టి అట్లాంటిక్ చేరింది. జూన్ 25న వెస్టిండీస్‌కు ఈశాన్యంగా, ఒంటరిగా పోతుండగా యు-153 అనే జర్మన్ జలాంతర్గామి కంటపడింది. టార్పెడోలతో ఆ ఓడ అక్కడే మునిగింది.

రెండూ పేలుడు పదార్థాలే. ఒకటి గాలిలోంచి, ఒకటి నీటిలోంచి వచ్చింది. ఆ తేడాలోనే ఉంది కిటుకంతా. బాంబు డెక్కు మీద పేలితే దాని వాయువులో ఎక్కువ భాగం గాలిలోకి విరజిమ్ముకుపోతుంది. చావులు, గాయాలు, మంటలు తప్పవు. కానీ రంధ్రాలు నీటిమట్టానికి పైనే పడతాయి. మంటలార్పగలిగితే ఓడ మిగులుతుంది. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేం. టార్పెడో నీటి కింద పేలినప్పుడు నీరు లొంగదు కాబట్టి విసురంతా మెత్తగా ఉన్న వైపుకే, అంటే ఓడ పలక వైపుకే, మళ్ళుతుంది. ఓడ అడుగున పేలితే ఇంకా ఘోరం. పేలుడు వాయువు పెద్ద బుడగలా ఉబ్బి ఓడ నడుమును పైకెత్తుతుంది. మరుక్షణం బుడగ కుంచించుకుపోతే ఆ నడుము కింద ఆధారం ఉండదు. ఎత్తిన ఓడ తన బరువుకే విరుగుతుంది.

మొత్తం యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ముంచిన వాణిజ్య ఓడలు సుమారు 2,800. బ్రిటిష్ ఓడల్లో కొలిమి దగ్గరా డెక్కు మీదా పనిచేసిన హిందూదేశపు కలాసీలు దాదాపు 6,600 మంది ఈ యుద్ధంలో పోయారు. వాళ్ళలో ఎక్కువ మంది సిల్హెట్, చిట్టగాంగ్, కొంకణం, గోవా వాళ్ళు. ఓడ అడుగున, ఇంజను పక్కన ఉన్నవాడికి పైకి వచ్చే మెట్లు చాలా ఎక్కువ.

పత్తి బేళ్ళు, కొబ్బరి చిప్పలు

శత్రువు ఎవరూ ముట్టుకోకుండా, రేవులో కట్టిన చోటే నాశనమైన ఓడ ఫోర్ట్ స్టికైన్. దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సరుకు ఎలా సర్దారన్నది ఎంత ప్రాణాంతకమో ఇంతకన్నా స్పష్టంగా చూపిన ఘటన మన దేశంలో లేదు.

కెనడాలోని ప్రిన్స్ రూపర్ట్‌లో 1942లో కట్టిన యుద్ధకాలపు ఓడ అది, 7,142 టన్నులది. 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుంచి బయలుదేరింది. అప్పటికి అందులో ఉన్నవి దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, పెట్టెల్లో విమానాలు, ఇంకా బంగారు కడ్డీలు. కరాచీలో కొంత సరుకు దింపాక చోటు మిగిలింది. యుద్ధంలో ఓడలో ఖాళీ చోటంటే నేరంతో సమానం. అక్కడ పత్తి బేళ్ళు, కందెన నూనె, గంధకం, కలప, చేపల ఎరువు ఎక్కించారు. ఏప్రిల్ 12న బొంబాయి విక్టోరియా డాక్‌లో కట్టారు. పేలుడు సామాను ఉన్న ఓడ ఎగరేయవలసిన ఎర్రజెండా దాని మీద లేదు.

14వ తేదీ మధ్యాహ్నం రెండో నంబరు హోల్డ్ నుంచి పొగ కనిపించింది. ఎవరో తాగి పారేసిన సిగరెట్టు కారణం కావచ్చని విచారణలో తేల్చారు. ఆ గదిలో కింద పత్తి, పైన పేలుడు సామాను.

పత్తి మండే తీరు వేరు. అదిమి కట్టిన బేలులో ప్రతి పోగు పక్కనా కాస్త గాలి చిక్కుకుని ఉంటుంది. అందువల్ల మంట పైకి కనబడకుండా లోలోపలే కుములుతుంది. పైగా పత్తి వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి లోపలి వేడి లోపలే పెరుగుతుంది. పైన నీళ్ళు కొడితే బయటి పొర తడుస్తుంది, మధ్యలో నిప్పు అలాగే ఉంటుంది. ఆ రోజు సుమారు 900 టన్నుల నీళ్ళు పంపు చేశారు. నిప్పు చోటును పట్టుకోలేకపోయారు. నీళ్ళు ఓడలో సలసల కాగాయి. ఇంకో కష్టం కూడా ఉంది. బేళ్ళు నీటిలో తేలతాయి. గదిలో నీళ్ళు పెరుగుతున్న కొద్దీ కాలుతున్న పత్తి పైకి లేచి పేలుడు సామానుకు దగ్గరవుతుంది. ఆర్పడానికి పోసిన నీరే నిప్పును మోసుకుపోయింది.

సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు మొదటి పేలుడు. అరగంట లోపే రెండోది. సుమారు 1,400 కిలోమీటర్ల దూరాన సిమ్లాలో భూకంప మాపకం కదిలింది. చుట్టుపక్కల ఓడలు పదికి పైగా నాశనమయ్యాయి. మృతుల సంఖ్యను ఎనిమిది వందల నుంచి పదమూడు వందల దాకా రకరకాలుగా చెబుతారు. అందులో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది వాళ్ళను తలుచుకునే.

ఇక్కడ అంబాజీపేట కొబ్బరి వ్యాపారులకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. సరిగా ఎండని కొబ్బరి చిప్పలను బస్తాల్లో కుక్కి గాలి ఆడని గోడౌనులో పేర్చితే, కొన్ని రోజులకు బస్తాలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. తేమ ఆరేడు శాతం దాటితే బూజు పట్టడం మొదలవుతుంది. బూజు బతికేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి కొబ్బరి నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం జోరందుకుని, అదీ వేడి పుట్టిస్తుంది. పైన మరో వంద బస్తాలుంటే ఆ వేడి పోయే దారి లేదు. ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే రాజుకుంటుంది. అటక మీద నెలల తరబడి నిదానంగా ఎండే కురిడీకి ఈ బాధ లేదు. కాయ కాయగా ఉంటుంది, చుట్టూ గాలి ఆడుతుంది.

ఓడల్లో ఎండు కొబ్బరిని దానంతటదే అంటుకునే సరుకుల పట్టికలో చేర్చింది ఈ కారణంతోనే. ఇంజను గది గోడకు దూరంగా, గాలి ఆడేలా సర్దాలి. తడి బస్తా ఎక్కించకూడదు. ఇంకో హెచ్చరిక కూడా ఉంది. కొబ్బరి అంటుకోకపోయినా మూసిన గదిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. తలుపు తీయగానే దిగిన కూలీ ఊపిరాడక కూలిపోతాడు, అతన్ని తీయడానికి దిగినవాడూ అంతే. ఫిలిప్పీన్స్ నుంచి, పసిఫిక్ దీవుల నుంచి కొబ్బరి మోసిన ఓడల్లో కలాసీలు ఎక్కువ తిట్టుకున్నది మాత్రం ఈ ప్రమాదాలను కాదు. అన్నంలోకీ పక్కలోకీ దూరే కొబ్బరి పురుగును.

అచ్చు పోసినట్టు ఓడలు, అడ్డంగా చీలికలు

ముంచినదాని కంటే వేగంగా కట్టాలి. యుద్ధం రెండో ఏడాది దాటాక మిత్రదేశాలు పట్టుకున్న సూత్రం అంతే. 1941 సెప్టెంబరు 27న పాట్రిక్ హెన్రీ అనే మొదటి లిబర్టీ ఓడ నీళ్ళలోకి దిగింది. 1945కల్లా 2,710 తయారయ్యాయి. పాతకాలపు ఆవిరి ఇంజను, 11 నాట్ల వేగం. ఓడ ముక్కలను విడివిడిగా తయారుచేసి, క్రేనుతో తెచ్చి వెల్డింగు చేసేవారు. 1942 నవంబరులో రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడను నాలుగు రోజుల పదిహేనున్నర గంటల్లో నీళ్ళలోకి దించారు. అది ప్రచారం కోసం చేసిన విన్యాసం. మామూలుగా ఆరు వారాలు పట్టేది. అయినా మెచ్చుకోవలసిన వేగమే.

ఆ తర్వాత అనుకోని కబురు వచ్చింది. 1943 జనవరి 16 రాత్రి పోర్ట్‌లాండ్ రేవులో ప్రశాంతంగా కట్టి ఉన్న కొత్త ట్యాంకరు షెనెక్టడీ ఫెళ్ళున శబ్దం చేస్తూ నడిమధ్యకు చీలిపోయింది. అలల్లేవు, శత్రువు లేడు. ఆ నవంబరులో జాన్ పి. గెయిన్స్ అనే లిబర్టీ ఓడ సముద్రంలో రెండుగా విరిగింది. యుద్ధం ముగిశాక 1946లో విచారణ సంఘం 4,694 వెల్డింగు ఓడల చరిత్ర తిరగేస్తే 970 ఓడల్లో చీలికలు బయటపడ్డాయి.

తప్పంతా వెల్డింగు మీదకు నెట్టారు మొదట. కేంబ్రిడ్జిలో లోహాలను పరిశోధించిన కాన్‌స్టాన్స్ టిప్పర్ అసలు గుట్టు విప్పారు. ఉక్కు వెచ్చగా ఉన్నప్పుడు దానిలోని పరమాణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జారతాయి. ఎక్కడైనా చిన్న బీట పడితే దాని మొన దగ్గర లోహం సాగి, మొన మొద్దుబారి, బీట ఆగిపోతుంది. ఒక స్థాయి కంటే చల్లబడితే ఆ జారుడు స్తంభిస్తుంది. అప్పుడు ఉక్కు గాజులా పగులుతుంది. ఆ స్థాయి ఎంత అన్నది ఉక్కును బట్టి మారుతుంది. యుద్ధపు హడావుడిలో వాడిన పలకల్లో గంధకం, భాస్వరం పాళ్ళు ఎక్కువై, అట్లాంటిక్ చలికే అవి పెళుసుబారే స్థితికి చేరాయి.

మరి బీట మొదలయ్యేది ఎక్కడ? సరుకు దింపడానికి డెక్కులో చేసిన పెద్ద తలుపుల మూలల్లో. లిబర్టీ ఓడల్లో ఆ మూలలు చతురస్రంగా, వాడిగా ఉన్నాయి. బట్టల కొట్టువాడు తాను చింపేముందు అంచున కత్తెరతో చిన్న గాటు పెడతాడు చూడండి. లాగుడంతా ఆ గాటు మొన మీదే పడుతుంది గనుక గుడ్డ సులువుగా చిరుగుతుంది. అల మీద ఓడ వంగినప్పుడల్లా డెక్కు మీద పడే లాగుడంతా ఆ మూలల్లోకే చేరింది. రివిట్లు కొట్టిన పాత ఓడల్లో ఐతే పలక చివరకు రాగానే బీట ఆగేది. వెల్డింగుతో ఓడ మొత్తం ఒకే లోహపు తునక అయ్యాక అది ఆగే చోటే లేకుండాపోయింది.

మందు సులువుదే. మూలలను గుండ్రంగా కోశారు, బలపు పలకలు వేశారు, డెక్కు పొడవునా కొన్ని అతుకులను మళ్ళీ రివిట్లతో వేసి బీటలకు కట్టడి చేశారు. బంగాళాఖాతం నీళ్ళు ఏడాది పొడవునా వెచ్చనే కాబట్టి ఈ జబ్బు మన సముద్రంలో తిరిగే ఓడలను పెద్దగా పీడించలేదు. విమానాల కిటికీలకు గుండ్రటి మూలలు పెట్టడం వెనుక ఉన్నదీ ఇదే సంగతి.

ఇంత జరుగుతున్నప్పుడు మన తీరంలో ఓడలు కట్టే పని ఎక్కడిదాకా వచ్చిందంటే, విశాఖలో సింధియా కంపెనీ యార్డుకు 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. పది నెలలు తిరక్కుండానే ఊరి మీద బాంబులు పడ్డాయి. పని కుంటుపడింది. 8,000 టన్నులు మోసే మొదటి ఓడ జల ఉషను నెహ్రూ నీళ్ళలోకి దించేసరికి 1948 మార్చి 14 అయింది. యుద్ధమూ ముగిసింది, స్వాతంత్ర్యమూ వచ్చింది.

ఈ లెక్కలు ఇప్పుడెందుకు?

2025 మే నెలాఖరున కొచ్చి తీరానికి దూరంగా ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ ఒక పక్కకు ఒరిగి, మర్నాడు మునిగిపోయింది. సిబ్బంది 24 మందినీ కాపాడారు. ఓడలో 640 కంటైనర్లు. వాటిలో 12 కాల్షియం కార్బైడ్‌వి. దొంగచాటుగా మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడే కార్బైడే అది. నీళ్ళు తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, అది మండుతుంది, పేలుతుంది. కొన్ని పెట్టెలు కొల్లం, అలప్పుళ ఒడ్డులకు కొట్టుకొచ్చాయి. ప్లాస్టిక్ గుళికలు తిరువనంతపురం ఇసుకలో కలిశాయి. రెండు వారాలు తిరిగేసరికి వాన్ హై 503 అనే మరో ఓడ అదే కేరళ తీరానికి ఎదురుగా రోజుల తరబడి మండింది.

యుద్ధం లేదు, టార్పెడోలు లేవు. ఫోర్ట్ స్టికైన్ నాటి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఏ సరుకు పక్కన ఏ సరుకు పెట్టారు, పెట్టె మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటేనా? ఆనాడు డాక్ కూలీలు బేళ్ళను చేత్తో సర్దేవారు, కనీసం కళ్ళతో చూసేవారు. ఇప్పుడు సీలు వేసిన ఉక్కు పెట్టెలో ఏముందో ఓడ కెప్టెన్‌కు కూడా కాగితం మీద రాసినంత వరకే తెలుస్తుంది. ఎగుమతి చేసేవాడు కిరాయి తగ్గుతుందని సరుకు పేరు మార్చి రాయడాన్ని నేను చిన్న మోసంగా చూడలేను.

చెన్నైకీ విశాఖకూ కలకత్తాకూ మధ్య తిరిగే ఓడల దారి మన ఒడ్డుకు ఎదురుగానే ఉంది. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా, అటు భైరవపాలెం దాకా సముద్రం మీద బతికేవాళ్ళు, ఒడ్డున షికారుకు వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. కొట్టుకొచ్చిన డ్రమ్ము గానీ, కంటైనర్ గానీ, సీలున్న పెట్టె గానీ కనిపిస్తే తెరవకండి, దగ్గర బీడీ కాల్చకండి, పిల్లలను పోనివ్వకండి. దూరంగా జరిగి మెరైన్ పోలీసులకు చెప్పండి, లేదా కోస్ట్‌గార్డ్ ఉచిత నంబరు 1554కు ఫోను చేయండి.